ఓయూలో పీజీ సీటు వచ్చింది. హాస్టలా, బయట రూమా?

కొల్లాపూర్_పోరడు:
అందరికీ నమస్తే. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ మొదటి విడతలో ఉస్మానియా క్యాంపస్‌లో ఎంఏ ఎకనామిక్స్ సీటు వచ్చింది. డిగ్రీ ఇంటి నుంచి పోయి వస్తూ చదివిన. ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదలు. నాన్న హాస్టల్ వద్దంటున్నాడు. గొడవలు, ధర్నాలు అని ఆయన టెన్షన్. మా బావ విద్యానగర్‌లో ఇంకో ఇద్దరితో కలిసి రూమ్‌లో ఉంటాడు. "వచ్చెయ్, నాలుగో వాటా నీది" అంటున్నాడు. నాకేమో హాస్టల్లోనే ఉండాలని ఉంది. మెస్ బిల్లు ఎట్ల వేస్తారు, చదువుకోవడానికి వీలుంటదా, ఏమీ తెలియదు. ఉండి వచ్చినవాళ్లు చెప్పండి. ఇంట్లో చదివి వినిపిస్తా, కాబట్టి జర చూసి రాయండి.

తార్నాక_స్కాలర్:
శుభాకాంక్షలు తమ్ముడూ. ముందు ఒక సంగతి. కాలేజీలో సీటు వేరు, హాస్టల్లో సీటు వేరు. కాలేజీలో రిపోర్ట్ చేసిన రోజే రూమ్ తాళం చేతికి వస్తదనుకొని మూటాముల్లె సర్దుకొని దిగకు. హాస్టల్ అప్లికేషన్ పెట్టి, అలాట్ అయ్యేదాకా ఎక్కడో ఒక చోట తల దాచుకోవాలి. మీ బావ రూమ్ అందుకు పనికొస్తది. కొన్నాళ్లకని చెప్పి దిగు. నాలుగో వాటా అని అడ్వాన్స్ కట్టేస్తే మాత్రం మళ్లీ బయటపడటం కష్టం.

ఇంకోటి. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపేటప్పుడు డే స్కాలరా, కాలేజీ అటాచ్డ్ హాస్టలా అని అడుగుతది. దాన్ని బట్టే ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ మొత్తం మారుతది. తొందరలో డే స్కాలర్ అని కొట్టేసి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లను ఏటా చూస్తున్నా.

దూరాల సంగతంటే, విద్యానగర్ నుంచి ఎన్‌సీసీ గేటు మీదుగా ఆర్ట్స్ కాలేజీకి నడిచి రావచ్చు. ఎండాకాలం కాకపోతే బాగానే ఉంటది. మెట్రోలో వచ్చేవాళ్లు తార్నాకలో దిగుతారు. ఎంఎంటీఎస్‌కు ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అవతల జామై ఉస్మానియా ఉంది. కానీ ఆ రైలును నమ్ముకొని తొమ్మిదిన్నర క్లాసుకు బయలుదేరకు.

ఎనభైల_బోర్డర్:
బాబూ, మీ నాన్నగారి భయం ఊరికే వచ్చింది కాదు, తీసిపారేయకు. ఆ హాస్టళ్ల చరిత్రే అలాంటిది. 1938లో హాస్టల్ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేశారు. వాళ్లలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. 1969లో తెలంగాణ ఉద్యమం. మళ్లీ 2009 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ క్యాంపస్ ఎలా ఉందో మీ నాన్నగారు టీవీలో చూసే ఉంటారు. డిసెంబరు 9 రాత్రి ఢిల్లీలో తెలంగాణ ప్రకటన వచ్చినప్పుడు అందరి చూపూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదే ఉంది.

కానీ నేనున్నది అక్కడే. ఊరి నుంచి మనియార్డరు వచ్చే రోజు కోసం నెలంతా ఎదురుచూసేవాళ్లం. పోస్ట్‌మన్ ఏ రూమ్ తలుపు కొడితే ఆ రూమ్ వాడు ఆ సాయంత్రం తార్నాకలో చాయ్ తాగించాలి. ధర్నా జరిగిన రోజున కూడా రాత్రి పదింటికి కారిడార్ అంతా పుస్తకాలు పట్టుకునే కనబడేది. మా పక్క రూమ్‌లో ఒక ఫిలాసఫీ అబ్బాయి ఉండేవాడు, ఏ సంఘంలోనూ లేడు, అన్ని సంఘాల వాళ్లకూ కరపత్రాలు రాసిపెట్టేవాడు. భాష బాగుంటుందని అతని దగ్గరికే వచ్చేవాళ్లు. ఒకే రాత్రి ఇటువాళ్లకొకటి, అటువాళ్లకొకటి రాసిన సందర్భాలున్నాయి. ఉద్యమంలోకి దిగాలా వద్దా అన్నది నీ ఇష్టం. అక్కడ ఎవరూ చెయ్యి పట్టుకొని లాక్కుపోరు. అయితే వినకుండా మాత్రం ఉండలేవు, కిటికీ మూసుకున్నా వినబడుతుంది.

అమీర్‌పేట్_ఐటీ:
ఆర్ట్స్ కాలేజీ 1918 నాటి బిల్డింగ్ కదా, ఇప్పటికీ అంత గట్టిగా ఉందంటే గ్రేట్. ఆ బిల్డింగ్‌లో క్లాసులు వినడానికైనా క్యాంపస్‌లో ఉండాలి బ్రో.

ఎనభైల_బోర్డర్:
1918 యూనివర్సిటీ పెట్టిన సంవత్సరం. అప్పుడు క్లాసులు గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లలో జరిగేవి. అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేశారు, 1939లో ఏడో నిజాం ప్రారంభించారు. నమూనా గీసింది ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్ట్. యూనివర్సిటీ 1918లో పెట్టారని అన్నింటికీ అదే తేదీ తగిలిస్తే ఎలా?

లెక్కల_మనిషి:
మెస్ బిల్లు ఎలా వేస్తారని అడిగారు కదా, అది నేను చెప్తాను. ఒకప్పుడు మా హాస్టల్లో మెస్ సెక్రటరీగా చేశాను. ఇంట్లోవాళ్లు ముందు ఈ పోస్టు చదవాలి.

చాలా యూనివర్సిటీ హాస్టళ్లలో నడిచేది డివైడింగ్ పద్ధతి. నెలకింత అని ముందే చెప్పరు. నెలాఖరుకు బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాస్, ఇలా అయిన ఖర్చంతా కలిపి, ఆ నెలలో పడిన డైట్లతో భాగిస్తారు. ఒక మనిషి ఒక రోజు మెస్‌లో ఉంటే ఒక డైటు. ఊరెళ్లేటప్పుడు ముందుగా రాసిచ్చి మెస్ కట్ పెట్టుకుంటే ఆ రోజుల డైట్లు నీ లెక్కలో పడవు.

ఊహకు ఒక లెక్క చేద్దాం. హాస్టల్ రిజిస్టర్లో పేరున్న బోర్డర్లు 200 మంది, 30 రోజులు, మొత్తం 6,000 డైట్లు. ఖర్చు 6,60,000 రూపాయలైతే డైటు 110, నెల బిల్లు 3,300. ఇప్పుడు అదే మెస్‌లో రిజిస్టర్లో పేరు లేని 40 మంది రోజూ తింటున్నారనుకోండి. వండేది 240 మందికి. ఖర్చు 7,92,000 అవుతుంది. భాగించేది మాత్రం ఆ 6,000 తోనే. డైటు 132, బిల్లు 3,960. అంటే ఒక్కొక్కరి మీద 660 అదనం. లేదంటే బిల్లు పెరగకుండా సాంబారులో నీళ్లు పెరుగుతాయి. మా దగ్గర రెండూ జరిగేవి.

కాబట్టి హాస్టల్లో చేరాక చేయాల్సిన మొదటి పని, మెస్ కమిటీ మీటింగుకు పోవడం. ఎవరూ పోరు. ఇండెంట్, అంటే కావాల్సిన సరుకుల చీటీ ఎవరు రాస్తున్నారు, స్టోర్ తాళం ఎవరి దగ్గర ఉంది, రోజుకు ఎన్ని కిలోల బియ్యం దింపుతున్నారు అని అడిగేవాళ్లు ఇద్దరుంటే చాలు, వంట తీరు మారుతుంది. మెనూ బోర్డు మీద ఏం రాశారన్నది కాదు, బియ్యం తూకం వేసేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారన్నది ముఖ్యం. వంటవాళ్ల మీద అరిచి లాభం లేదు. వాళ్లు ఇచ్చినదాంతో వండుతారు.

గుడ్డు రోజు, చికెన్ రోజు మాత్రం టోకెన్ లేకుండా నడపకండి. ఆ ఒక్క పూటకు వచ్చే బంధువులను చూస్తే మీకే నవ్వొస్తుంది.

చిక్కడపల్లి_చదువరి:
లెక్కల సార్, మీరు చెప్పిన ఆ 40 మందిలో నేనొకణ్ని. నాన్ బోర్డర్. ఏ హాస్టల్ అన్నది చెప్పను.

పీజీ అయిపోయింది. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాసినం. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాసినం. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. నోటిఫికేషన్ పడ్డప్పుడు నేను బోర్డర్‌నే సార్, రిజిస్టర్లో పేరున్నోణ్నే. పరీక్ష సాగింది, నా కోర్సు సాగలే. కోర్సు రెండేళ్లే.

అశోక్‌నగర్‌లో మంచానికింత అని అద్దె. కోచింగ్ ఫీజు వేరే. ఊరికి పోతే "ఏం చేస్తున్నవ్ బిడ్డా" అని అడగనోళ్లు లేరు. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతా, రాత్రి వచ్చి దోస్తు రూమ్‌లో కింద చాప వేసుకొని పడుకుంటా. మెస్‌లో తిన్నరోజు దోస్తు పేరు మీద గెస్ట్ రాయిస్తా, పైసలు కడతా. కట్టనోళ్లు కూడా ఉన్నరు, అది అబద్ధం కాదు. కానీ మమ్మల్ని అందరూ దొంగతిండి లెక్కలో రాసేస్తరు.

లెక్కల_మనిషి:
తమ్ముడూ, నేను దొంగ అనలేదు. భాగహారం చెప్పాను, అంతే. నువ్వు గెస్ట్ టోకెన్ తీసుకుంటున్నావంటే నా లెక్కలో ఆ 40లో లేవు. కానీ కొత్తగా వచ్చిన కొల్లాపూర్ పోరడి సంగతి ఆలోచించు. వాళ్ల నాన్న పంపే డబ్బులోంచి నెలకు 660 రూపాయలు ఎవరి తిండికి పోతున్నాయో అతనికి తెలియాలా వద్దా?

అమీర్‌పేట్_ఐటీ:
పీజీ అయిపోయాక ఖాళీ చేయాలి కదా. రూల్ అంటే రూలే. జూనియర్లకు సీటు లేకుండా సీనియర్లు ఎట్ల ఉంటారు? ఒక ఉద్యోగం చూసుకొని ప్రిపేర్ అవ్వచ్చు.

చిక్కడపల్లి_చదువరి:
ఐటీ అన్నా, ఎంఏ తెలుగు చదివినోనికి అమీర్‌పేట్‌లో ఏం ఉద్యోగం ఉందో చెప్పు, రేపే వస్తా.

తార్నాక_స్కాలర్:
ఇద్దరూ ఆగండి. ఖాళీ చేయాలన్నది నిజమే. ఒక బ్యాచ్ పోనిదే ఇంకో బ్యాచ్‌కు రూమ్ రాదు. ఇద్దరి గదిలో నలుగురుంటే బోర్డర్‌కు బల్ల కూడా దక్కదు. కానీ మూడేళ్లు పరీక్ష సాగదీసి, "వార్డెన్ గట్టిగా ఉంటే అంతా సర్దుకుంటది" అంటే ఎట్ల? తనిఖీ వచ్చిన రాత్రి చాపలు మాయమైతాయి, వారం తిరిగేసరికి మళ్లీ వస్తాయి. నా మటుకు, పీజీ అయినవాళ్ల కోసం డబ్బు కట్టించుకొని క్యాంపస్‌లోనే వేరే రీడింగ్ హాలు, పడుకోవడానికి ఒక డార్మిటరీ పెడితే మెస్ గొడవ సగం తగ్గుతది. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టదనుకోండి.

వాల్తేరు_గాలి:
మా ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లెవరూ లేరా ఇక్కడ? నేనే మొదలెడతానండి.

మాది విశాఖ, ఇంజినీరింగ్ హాస్టలు. మాకు ఎండ బాధ కాదు, ఉప్పుగాలి బాధ. తాళం కప్పకు నెలకోసారి కొబ్బరినూనె పోయకపోతే తుప్పు పట్టి బిగుసుకుపోయేది. వానాకాలంలో పుస్తకాల అట్టలకు బూజు. అయినా సాయంత్రం క్లాసు అవగానే చప్పల్స్ వేసుకుని బీచ్ రోడ్డుకు దిగిపోయేవాళ్లం, ఆ సుఖం మీ తార్నాకలో ఎక్కడిది?

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ముందురోజు నుంచే చెప్తున్నారు గానీ కుర్రాళ్లం కదా, తుపాను చూద్దామని ఉండిపోయాం. పొద్దున్నించి గాలి. కిటికీ రెక్కలు ఊడిపోతుంటే మంచాలు నిలువుగా పెట్టి అడ్డం కట్టాం. మధ్యలో గాలి ఒక్కసారి ఆగింది. అయిపోయిందనుకుని కొందరు బయటికొచ్చారు. మా సీనియర్ ఒకాయన జాగ్రఫీ చదివినట్టున్నాడు, "ఇది తుపాను కన్ను, లోపలికి రండ్రా" అని కేకలేశాడు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. సాయంత్రానికి క్యాంపస్‌లో నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. రోడ్డేదో తోటేదో తెలియలేదు.

తర్వాత కరెంటు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్లు లేవు. ఫోన్లు చచ్చిపోయాయి. ఊళ్లో పాల ప్యాకెట్ కోసం క్యూలు. మెస్‌లో గ్యాస్ మాత్రం ఉంది. మా వంట మాస్టారు స్టోర్‌లో ఉన్న బియ్యం, చింతపండు, వేరుశనగ గుళ్లు చూసి పెద్ద గంగాళంలో పులిహోర కలిపాడు. పాడవదు కదా, రెండు పూటలా అదే. బయట రూముల్లో ఉన్న మా క్లాస్‌మేట్లు తిండి లేక మా దగ్గరికే నడిచొచ్చారు. కూలిన కొమ్మలు నరికి దారి చేసింది కూడా మేమే, మెస్ గొడ్డలితో. ఆ పూట టోకెన్ ఎవరూ అడగలేదు లెక్కల మాస్టారూ, ఆ నెల డైటు ఎంత పడిందో నాకు గుర్తులేదు.

లెక్కల_మనిషి:
గంగాళం పులిహోరకు మాఫీ.

సరళ_రేఖ:
అందరూ మగపిల్లల హాస్టళ్ల గురించే రాస్తున్నారు. ఆడపిల్లల సంగతి కొంచెం వినండి. నేను చదివింది ఓయూ కాదు, పేరు వద్దులెండి.

మాకు మెస్ కాదు గొడవ, గేటు. లైబ్రరీ రాత్రి దాకా తెరిచే ఉండేది, మా గేటు మాత్రం చీకటి పడగానే మూసేవాళ్లు. ఒకే క్లాసు, ఒకే పరీక్ష, ఒకే రిఫరెన్స్ పుస్తకం. బయటికి ఇవ్వని ఆ పుస్తకాన్ని అబ్బాయిలు రాత్రి కూర్చుని నోట్స్ రాసుకునేవాళ్లు. మేము మధ్యాహ్నం క్లాస్ ఎగ్గొట్టి రాసుకోవాలి. అటెండెన్స్ పోయేదెవరికి? మాకే. ఆలస్యమైతే రిజిస్టర్లో కారణం రాయాలి, ఇంటికి ఫోన్. ఒకసారి మేమంతా గేటు బయటే దుప్పట్లు పరుచుకొని కూర్చున్నాం. "లోపలికి రండమ్మా" అంటే, "టైమ్ అయిపోయింది కదా మేడమ్, రూల్ ఉంది" అన్నాం. ఆ రాత్రి వచ్చిన టెన్షన్ అంతా వాళ్లకే. గేటు టైమ్ మారలేదు కానీ హాస్టల్ లోపల కొత్త రీడింగ్ రూమ్ తెరిచారు, ఆ పుస్తకాల కాపీలు వచ్చాయి. సగం గెలుపు అనుకోండి.

ఇప్పుడు ఇంకో మార్పు చూస్తున్నాను. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. మా చిన్నమ్మ కూతురు భువనగిరి నుంచి ఉప్పల్ మీదుగా రోజూ క్యాంపస్‌కు వెళ్లొస్తోంది. ఇంట్లో "బస్సు ఫ్రీయే కదా, హాస్టల్ ఎందుకు" అన్నారు. పొద్దున చీకటితో లేచి, సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో దూరుతుంది. డబ్బు మిగిలింది, నిజమే. చదివే గంటలు ఎక్కడ మిగిలాయి? పోరడికి ఈ బాధ లేదు. అందుకే తమ్ముడూ, హాస్టల్ దొరికే వీలుంటే వదులుకోకు.

డాలస్_దొరబాబు:
నేను టెక్సాస్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేశాను. ఇక్కడ డార్మ్ అంటే ఎక్కువగా అండర్‌గ్రాడ్ మొదటి సంవత్సరం పిల్లలదే. అంతస్తుకొక సీనియర్ స్టూడెంట్‌ను ఆర్ఏ అని పెడతారు, మన వార్డెన్ పని సగం అతనే చేస్తాడు. మెస్‌కు బదులు మీల్ ప్లాన్. సెమిస్టర్ మొదట్లోనే డబ్బు కట్టించుకుంటారు, తిన్నా తినకపోయినా అంతే. మెస్ కట్ లేదు. చాలా ప్లాన్లలో వాడని భోజనాలు వారాంతానికో సెమిస్టర్ చివరికో మురిగిపోతాయి. లెక్కల సార్ డివైడింగ్ పద్ధతి వీళ్లకు చెప్తే నేర్చుకుంటారేమో.

మనవాళ్లు మాస్టర్స్‌కు వచ్చి డార్మ్ జోలికి పోరు. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు, వంట వంతులు వేసుకుంటారు. కారణం అద్దె ఒక్కటే కాదు. డార్మ్ గదిలో స్టవ్ ఉండదు. వంటిల్లు ఉన్న చోట కూడా ఎండుమిర్చి పోపు వేయగానే పొగ అలారం మోగుతుంది. మా బిల్డింగ్ మొత్తం అర్ధరాత్రి నైట్‌ప్యాంట్లతో పార్కింగ్‌లో నిలబడింది, ఫైరింజన్ వచ్చింది. పప్పుచారు కోసం.

ఎనభైల_బోర్డర్:
పప్పుచారు కోసం ఫైరింజన్ రప్పించడం మా కాలంలో ఏ సంఘానికీ చేతకాలేదు.

కొల్లాపూర్_పోరడు:
అందరికీ ధన్యవాదాలు. నాన్నకు మొత్తం చదివి వినిపించిన. 1938 సంగతి దగ్గర ఆపి "మళ్లా చదువు" అన్నాడు. అక్క గేటు బయట దుప్పట్లు పరిచిన ముచ్చట అమ్మకు బాగా నచ్చింది. నాన్న ఇంకా సరే అనలేదు. "ముందుగాల బావ దగ్గర దిగు, వార్డెన్‌ను నేనొచ్చి చూస్తా" అంటున్నాడు. అప్లికేషన్ అయితే పెడుతున్నా. చిక్కడపల్లి అన్నా, నీ పోస్టు చదివినంక ఒకటి అడగాలనిపించింది: ఎంఏ చదువుకుంట గ్రూప్స్ కూడా ఇప్పుడే మొదలుపెట్టాల్నా?

చిక్కడపల్లి_చదువరి:
ఎకనామిక్స్ నీ సబ్జెక్టే కాబట్టి నీకు ఎకానమీ పేపర్‌లో చాలావరకు క్లాసులోనే వస్తది. తెలంగాణ చరిత్ర, ఉద్యమం పేపర్ ఒక్కటి పక్కన చదువుకో. కోచింగ్‌కు ఇప్పుడే పైసలు కట్టకు. ఎంఏ మార్కులు మంచిగ తెచ్చుకో, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా రాయి. ఒక్క దారి మీద కూర్చోకు. చిక్కడపల్లి లైబ్రరీకి వస్తే కలుద్దాం, పొద్దున తొందరగా వస్తేనే కుర్చీ దొరుకుతది.

తార్నాక_స్కాలర్:
సామాన్ల సంగతి చెప్పడం మరిచిన. దోమతెర, మంచి తాళం, బకెట్, స్టీలు పళ్లెం, గ్లాసు, పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, చార్జింగ్ లైటు. పరుపు ఇక్కడే కొనుక్కో, మోసుకురాకు. సర్టిఫికెట్లన్నీ నాలుగైదు సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకో. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఊళ్లో ఉన్నప్పుడే తీసుకో, లేకుంటే ఇక్కడికొచ్చాక వాటి కోసం మళ్లీ కొల్లాపూర్ బస్సెక్కాల్సి రావచ్చు.

లెక్కల_మనిషి:
హాస్టల్ డిపాజిట్ కట్టిన రసీదు కూడా జాగ్రత్త. ఫోటో తీసి పెట్టుకోవడం కాదు, కాగితమే దాచుకో. కోర్సు అయ్యాక బాకీలేమీ లేవని నో డ్యూస్ తీసుకునే దగ్గర అదే అడుగుతారు.